శస్త్రచికిత్స – కుట్టు దారము – శుభ్రత

ఇంటిలో ఎవరికైనా ఆపరేషన్ జరిగినదని తెలియగానే మనము అడిగే మొదటి ప్రశ్న "కుట్లు ఎన్ని పడినవి?" అన్నదే. ఆ కుట్లు ఏ దారముతో వేసినారు, ఆ దారము వలన మేలుతోపాటు కీడు కూడ కలుగునా అన్న ఆలోచన మనకు రాదు. అమరచింత, గద్వాల మగ్గములకు సమీపమున నివసించే ఆత్మకూరు వాసులకు దారమును గూర్చి కొత్తగా చెప్పనక్కరలేదు. కాని శరీరములోనికి పోయే దారమును గూర్చి తెలుసుకొనవలసినది చాలా కలదు.

గాయమును కుట్టుట ప్రాచీన విద్య. నార, వెంట్రుక, స్నాయువులతో కుట్లు వేయుటను సుశ్రుతుడు చెప్పినాడు. పదవ శతాబ్దిలో స్పెయిన్ దేశమున కార్డోబా చెంత జీవించిన అల్ జహ్రావీ, ముప్పది భాగముల తన 'కితాబుత్ తస్రీఫ్'లో జంతువుల పేగు నుండి తీసిన నారతో లోపలి కుట్లు వేయుటను వర్ణించినాడు. విద్య ఇంత ప్రాచీనమైనను, పందొమ్మిదవ శతాబ్ది వరకు కత్తికి బ్రతికిన రోగి చీముకు బలియగుట సర్వసాధారణముగా ఉండెడిది.

1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, ప్రసవశాలలో వైద్యులు క్లోరిన్ నీటితో చేతులు కడుగుకొనునట్లు చేసి తల్లుల మరణములను బాగుగా తగ్గించినాడు. 1867లో బ్రిటన్‌కు చెందిన లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించినాడు. రెండేండ్ల పిదప పేగు నారను సైతము ఆ మందులో నానబెట్టి వాడినాడు. కావున క్రిమిసంహారక దారమను భావనకు నూటయేబది ఏండ్లు దాటినవి.

దారమునకు ఇంత జాగ్రత్త ఎందుకు? కొన్ని సన్నని పోగులను జడవలె అల్లి కుట్టు దారమును తయారుచేయుదురు. మగ్గముపైకి ఎక్కవలసిన నూలు గంజిని పీల్చుకొనునట్లే ఈ అల్లిక గాయములోని తేమను, దానితోపాటు సూక్ష్మజీవులను లోనికి లాగుకొనును. పోగుల సందులలో దాగిన క్రిములను శరీర రక్షక కణములు సులభముగా చేరలేవు. 1957లో ఎలెక్, కోనెన్ అను శాస్త్రజ్ఞులు స్వచ్ఛంద సేవకులపై జరిపిన పరీక్షలలో, చర్మమున చీము పుట్టుటకు లక్షల సంఖ్యలో స్టెఫిలోకాకస్ క్రిములు కావలసియుండగా, పట్టుదారపు కుట్టు ఉన్నచోట కొన్ని వందలే చాలినవి.

ఈ ప్రమాదమును తగ్గించుటకే ట్రైక్లోసాన్ అను మందు పూసిన దారము 2002లో అమెరికాలో అనుమతి పొందినది. ఈ మందు సూక్ష్మజీవులు తమ పైపొరకు కావలసిన కొవ్వు ఆమ్లములను తయారుచేసికొనకుండ అడ్డుపడును. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి దారమును వాడవచ్చునని సూచించినది. 2021లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సంస్థ కూడ దీనిని సమర్థించినది.

అయితే ఆ 2021లోనే వేరొక ఫలితము వెలువడినది. భారతదేశముతోసహా ఏడు దేశములలోని 54 ఆసుపత్రులలో, ఉదర శస్త్రచికిత్స పొందిన 5,788 మందిపై 'ఫాల్కన్' అను పరిశోధన జరిగినది. అందు మందు దారమునకు, మామూలు దారమునకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. మొత్తము రోగులలో నూటికి 22 మందికి గాయము చీము పట్టినది! 2022లో వెలువడిన 'చీతా' అను పరిశోధనలో, కడుపును కుట్టుటకు ముందు చేతి తొడుగులను, పనిముట్లను మార్చినంత మాత్రమున ఈ సంఖ్య 18.9 నుండి 16కు తగ్గినది. అందు 13,301 మంది రోగులు పాల్గొనిరి.

మన సమీపమున జరిగిన విషాదమొకటి ఇచ్చట స్మరింపదగియున్నది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినవి. వారిలో నలుగురు కొద్దిదినములలోనే కన్నుమూసినారు. శస్త్రచికిత్సానంతరము సోకిన అంటుదోషమే విచారణలో ప్రధానాంశమైనది. అది పొట్టను పెద్దగా కోసే చికిత్స కాదు, సన్నని గొట్టమును లోనికి పంపి చేయునది. కుట్టు పని మిక్కిలి స్వల్పము. అట్టిచోట ఎంత విలువైన దారమైనను ఏమి చేయగలదు? పనిముట్ల శుద్ధి, చేతుల శుద్ధి, ఒక రోగికిని మరొక రోగికిని నడుమ తగిన వ్యవధి, ఇవే రక్షణ. వజూ లేని నమాజు ఎట్లు చెల్లదో, శుద్ధిలేని చేతితో పట్టిన కత్తి కూడ అట్లే చెల్లదని మా అభిప్రాయము.

మందు దారము నిరర్థకమని మేము చెప్పుటలేదు. అది శుభ్రతకు తోడే గాని బదులు కానేరదు. వైద్యుల బాధ్యత వైద్యులది. మన బాధ్యత మనకు కలదు. ఆపరేషన్‌కు ముందు స్నానము చేయవలెను. ఇంటివద్ద మంగలికత్తితో వెంట్రుకలు గొరగరాదు, ఆ సన్నని గాట్లే క్రిములకు దారి. చక్కెర వ్యాధి ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకొనవలెను. కుట్లపై పసుపు, బూడిద అద్దరాదు. నెలదినముల లోపల ఎరుపు, వాపు, చీము, జ్వరము కనబడినచో "అదే తగ్గును" అని ఊరకుండక ఆసుపత్రికి పోవలెను.

విద్యార్థి మిత్రులారా! మన తల్లులు, అక్కచెల్లెండ్రు ఆపరేషన్‌కు వనపర్తికో, మహబూబ్‌నగర్‌కో పోవునపుడు కాగితములు చదివి, వైద్యుని అడిగి, వారికి విషయము తెలియజెప్పవలసినది చదువుకొన్న మీరే. "కుట్లు ఎన్ని?" అన్న ప్రశ్నతోపాటు "శుభ్రత ఎట్లు?" అని కూడ వినయముగా అడుగుడు. అట్లు అడుగుట తప్పు కాదు.