వరుసలో న్యాయం - ఒక చిన్న లెక్క

క్యూ అంటే మనందరికీ తెలిసిందే. రైలు టిక్కెట్ల కిటికీ దగ్గర, సినిమా హాలు దగ్గర, ఫీజు కట్టే కౌంటరు దగ్గర ఒకటే సూత్రం: ముందొచ్చినవాడికి ముందు. ఇంతకు మించిన న్యాయం ఇంకోటి లేదని నేనూ అనుకునేవాణ్ణి. కిందటేడు తిరునాళ్ళలో మా బాబాయితో కలిసి జెయింట్ వీల్ దగ్గర నిలబడేదాకా.

మా బాబాయికి చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. కర్ర ఊతంతో చేలగట్ల మీద నాకంటే జోరుగా నడుస్తాడు. కాని నడవటం వేరు, కదలకుండా నిలబడటం వేరు. నాన్న కూడా ఎక్కాల్సిందేనని ఆయన కూతురు పేచీ పెడితే వరుసలోకి వచ్చాడు. పావుగంటకే ఎడమకాలు వణకడం మొదలైంది. “కాస్త ముందు ఎక్కించండి” అని గేటు దగ్గరి కుర్రాణ్ణి అడిగాను. వెనకనుంచి ఎవరో “మేం మాత్రం నిలబడటంలేదా? మాకూ కాళ్ళే గదా!” అన్నారు. “వద్దులేరా” అని బాబాయి వరుస వదిలిపెట్టి వెళ్ళి సోడాబండి పక్కన కూర్చున్నాడు. చెల్లి నాతోనే ఎక్కింది. పైకెళ్ళాక కిందికి చూసి, “నాన్నేడీ?” అంది.

ఆ వెనకాయన మీద నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన అడిగిన దాంట్లో ఒక లెక్క ఉందనిపించింది. ఆ లెక్క వేసి చూద్దాం.

వీల్‌కు 12 పెట్టెలు, పెట్టెకు నలుగురు అనుకోండి. ఒక విడతకు 48 మంది. ఎక్కించడం, తిప్పడం, దించడం కలిపి 8 నిమిషాలు. అంటే నిమిషానికి ఆరుగురు. వరుసలో 240 మంది ఉంటే చివరివాడు 40 నిమిషాలు ఆగాలి. వరుసలో ఉన్న జనం, నిమిషానికి వచ్చేవారి సంఖ్యనూ ఆగే సమయాన్నీ గుణిస్తే వచ్చేదానికి సమానమని జాన్ లిటిల్ అనే అమెరికన్ 1961లో నిరూపించాడు. అంతకు ముందే, 1909లో, కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ ఈ శాస్త్రానికి పునాది వేశాడు.

ఇప్పుడు ప్రతి విడతలోనూ ఒక పెట్టెను పక్కగేటున వచ్చే వికలాంగులకు, వారి తోడువారికి ఉంచుదాం. పెద్ద వరుసకు మిగిలేవి 44 సీట్లు, నిమిషానికి ఐదున్నర. చివరివాడి 40 నిమిషాలు దాదాపు 43న్నర అవుతాయి. వెనకాయన పోగొట్టుకునేది మూడున్నర నిమిషాలు! ఎక్కువేం కాదు. కాని సున్నా కూడా కాదు, ఒప్పుకోవాలి.

దాన్ని సున్నా చేసే ఉపాయం ఒకటుంది. బాబాయి గేటు దగ్గరికి వెళ్ళగానే “40 నిమిషాల తర్వాత రండి” అని టైము రాసిన చీటీ ఇవ్వాలి. ఆయన బెంచీ మీద కూర్చుంటాడు, చీటీ వరుసలో నిలబడుతుంది. ఆయన మామూలుగా ఎక్కే వంతులోనే ఎక్కుతాడు. ఎవరికీ ఒక్క నిమిషం కూడా నష్టం లేదు. అయితే చీటీ జేబులో పెట్టుకుని ఇంకో ఆటకు పోతే అదొక లాభమే కనక, ఒకసారికి ఒకే చీటీ.

ఇదేం నా సొంత బుర్ర కాదు. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఒకప్పుడు సహాయపు కార్డు చూపిస్తే చాలావాటికి త్వరగా పంపేవారు. డబ్బున్న కుటుంబాలు వికలాంగులను కూలికి మాట్లాడుకుని వాళ్ళ వెంట వరుసలు దాటిపోతున్నాయని 2013లో పత్రికల్లో వచ్చింది. (మన బుర్రలే అనుకున్నాను, అక్కడా అంతే.) ఆ యేడే కార్డు తీసేసి, తిరిగి రావలసిన టైము ఇచ్చే పద్ధతి పెట్టారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. పిల్లవాడు ఆటకోసం ఆగుతుండటమే భరించలేనప్పుడు, బెంచీ మీద ఆగితేనేం, వరుసలో ఆగితేనేం అని వారి బాధ. 2020లో ఫ్లారిడా కోర్టు డిస్నీ పక్షానే తీర్పు చెప్పింది. 2024లో ఆ సౌకర్యాన్ని ప్రధానంగా ఆటిజంవంటి ఎదుగుదల లోపాలున్నవారికి కుదించారు. అంటే మా బాబాయిలాంటివారికి ఇప్పుడు అది దొరకడం కష్టం! నాకు మటుకు రెండూ కావాలనిపిస్తుంది: బాబాయికి చీటీ, ఆ పిల్లవాడికి పక్కగేటు.

అంత దూరమెందుకు, తిరుమలలో 65 యేళ్ళు దాటినవారికి, వికలాంగులకు ప్రత్యేక దర్శనం ఉచితంగా ఉంది, టోకెను మీద టైము వేసి మరీ. అక్కడే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమూ ఉంది. 300 కట్టి ముందు వెళ్ళేవాణ్ణి చూసి “మాకూ కాళ్ళే గదా” అని ఎవరూ అరవగా నేను వినలేదు.

మన రైతు కుటుంబాలవాళ్ళకు ఇది ఇంకో రకంగా తెలిసిన సంగతే. విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమడెల్టా కాలవ కింద, దాళ్వాలో నీళ్ళు తగ్గితే వంతులు వేస్తారు. ఎగువ చేనుకూ శివారు చేనుకూ గంటలు సమానమే అనుకోండి. ఇంకిపోగా శివారుకు చేరే నీళ్ళు సమానమా? శివారు రైతుకు ఇంకో గంట ఇవ్వమంటే దాన్ని మనం దయ అనం, లెక్క సరిచేయడం అంటాం. బాబాయి 40 నిమిషాలు, నా 40 నిమిషాలు గడియారంలోనే ఒకటి.

చట్టం కూడా ఈ మాటే అంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సమంజసమైన సర్దుబాటు అనే మాట ఉంది, వినోదంలో సమాన హక్కు గురించి 29వ సెక్షను ఉంది. 1995 చట్టంలో ఏడు వైకల్యాలే ఉంటే ఇందులో 21. తలసేమియా, హీమోఫిలియా కూడా చేరాయి. చిక్కంతా ఇక్కడే. వాళ్ళకు కర్ర ఉండదు, చూస్తే మనలాగే ఉంటారు. వెనకాయన ఇంకా గట్టిగా అరుస్తాడు. అందుకని గేటు దగ్గర జబ్బు పేరు అడగకుండా, కార్డు చూసి చీటీ ఇచ్చేస్తే చాలదా అని నా ఊహ.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి బాబాయికి చూపించాను. ఆసాంతం చదివి, “బాగానే ఉంది గాని, బెంచీ ఎవరు వేస్తార్రా?” అన్నాడు. మా క్లాసు కుర్రాళ్ళం ముగ్గురం ఈసారి తిరునాళ్ళకు రెండు బెంచీలు, ఒక చీటీల పుస్తకం పట్టుకెళ్దామనుకుంటున్నాం. వీల్ యజమానిని మాత్రం ఇంకా అడగలేదు.