దేశాంతర దత్తత: చట్టము, జాప్యము

సిద్దిపేట జిల్లాలో పుట్టి, ఉద్యోగరీత్యా అమెరికాలో స్థిరపడిన దంపతులు తమ తోబుట్టువు బిడ్డను పెంచుకొనదలచి, బంధువుల సమక్షమున దత్తహోమము జరిపించి, దత్తత దస్తావేజును రిజిస్టరు చేయించుకొన్నంత మాత్రమున ఆ బిడ్డను వెంట తీసికొనిపోజాలరు. 1956 నాటి హిందూ దత్తత చట్టము అట్టి దత్తతను గుర్తించుచున్నను, దేశాంతర దత్తతపై 1993 నాటి హేగ్ ఒడంబడికను భారతదేశము 2003లో ధ్రువీకరించినందున, కేంద్ర దత్తత సంస్థయగు ‘కారా’ నిరభ్యంతర పత్రమును, స్వీకర్త దేశపు సమ్మతియు తప్పనిసరి.

ఇంతటి కట్టుదిట్టము ఊరక రాలేదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యమున సుప్రీంకోర్టు దేశాంతర దత్తతకు నియమములు నిర్దేశించిన పిదపను, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున లంబాడా తండాల పసికందులను దళారులు కొని దత్తత కేంద్రములకు చేర్చిన ఘోరము 1999లోను, 2001లోను బయటపడినది. ఆ తల్లుల పేదరికము నెరిగినవారెవ్వరును నియమములు వలదనలేరు.

అయినను జాప్యము బిడ్డకే చేటు. 2015 బాలల న్యాయ చట్టము ననుసరించి, శిశువును అప్పగించిన తల్లిదండ్రుల పునరాలోచనకు 60 దినముల గడువు; శిశువు దత్తతార్హమని ప్రకటితమైన పిమ్మట మరి 60 దినములలో స్వదేశ, ప్రవాస భారతీయులు ముందుకు రానిచో విదేశీయులకు అవకాశము. దివ్యాంగులకు, తోబుట్టువులకు, ఐదేండ్లు దాటినవారికి దేశాంతర దత్తతలో ప్రాధాన్యము కలదు. కోర్టులలో ఏండ్లు గడచుట చూచి, ఆ చట్టమునకు 2021లో చేసిన సవరణ, దత్తత ఉత్తర్వు నిచ్చు అధికారమును జిల్లా మేజిస్ట్రేటునకు అప్పగించి, రెండు నెలల గడువును కొనసాగించినది. 2022 సెప్టెంబరు 1 నుండి అమలు. సిద్దిపేటలో ఆ బాధ్యత కలెక్టరుదే.

చెల్లుబాటగు ఉత్తర్వు లేక బిడ్డను విదేశమునకు తరలించినచో 2015 చట్టపు సెక్షన్ 80 క్రింద మూడేండ్ల వరకు కారాగారము, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చునని దత్తత కోరువారు గుర్తుంచుకొనవలెను.