చింతచెట్టు గీయనివ్వండి

మార్కాపురం, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల పిల్లల్ని బొమ్మ గీయమంటే ఎక్కువమంది ఒకటే గీస్తారు. త్రికోణాల్లా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, దాని పక్కన వంగిన కొబ్బరిచెట్టు. మన ఊళ్లలో బడి ముందు ఉండేది వేపచెట్టు. ఊరి బయట ఉండేవి చింతచెట్లు. తలెత్తితే కనిపించే నల్లమల త్రికోణంలా ఉండదు. పొడుగ్గా, పైన ఇంచుమించు చదునుగా, ఒక వరస వెనక ఇంకో వరస నీలంగా పలచబడుతూ పోతుంది. ఈ తేడా బిడ్డ తన కంటితో పట్టుకున్న రోజే బొమ్మలు నేర్చుకోవడం మొదలవుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

"మా వాడికి బొమ్మలంటే ప్రాణమండీ. రంగులు, చార్టులు ఎక్కడ కొనిపెట్టగలం? బడిలో డ్రాయింగు మాస్టారు కూడా లేడు" అని మీలో చాలామంది బాధపడతారు. వానలు మొహం చాటేసిన ఏడు పెట్టుబడి కూడా తిరిగిరాని నేల ఇది. ఆ బాధ నిజమైనదే. అయినా రంగుల పెట్టె దగ్గర ఆగిపోకండి, మన దగ్గర పలక ఉంది.

ఒకప్పుడు మార్కాపురం పలకలు ఎన్నో రాష్ట్రాల బళ్లకు వెళ్లాయి. వాటిని తయారుచేసే పనిలో పిల్లలూ ఉండేవారు. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు, మొదట ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. బడికి వెళ్లాల్సిన వయసులో ఎవరి పిల్లల బడికో పలకలు చేసినవాళ్లు ఇవాళ మీ ఇళ్లలో నాన్నలు, తాతలు అయి ఉండొచ్చు. అందుకే ఇక్కడి బిడ్డ చేతిలో పలక అక్షరాలకే కాదు, ఆనందానికి కూడా ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

బొమ్మలకు పలక నిజంగానే మంచిది. కాగితం పాడవుతుందన్న భయం ఉండదు, తుడిచి మళ్లీ గీయొచ్చు. భయం లేని చెయ్యి పెద్ద గీత గీస్తుంది. ఇంకో సంగతి ఉంది. తెల్ల కాగితం మీద మనం నీడను నల్లగా దిద్దుతాం, నల్ల పలక మీద వెలుగునే తెల్లగా పెడతాం. గుమ్మం దగ్గర ఒక బిందె పెట్టి, ఎండ ఎక్కడ పడుతుందో అక్కడే బలపాన్ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దమనండి. బిందె గుండ్రంగా పైకి లేచి కనిపించినప్పుడు పిల్ల ముఖం చూడండి. బాగా వచ్చిన బొమ్మను తుడిచేముందు ఫోనులో ఫొటో తీసి దాచండి. పొడిగుడ్డతో దులపకుండా తడిగుడ్డతో తుడిపించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో పలకరాయి కోయడం, పొడి చేయడం అసలే వద్దు.

కాగితానికి బొగ్గు చాలు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద మొదటి గీతలు చింతబరికెల బొగ్గుతోనే గీస్తారు. చింతకు మనకేం కొదవ? పెన్సిలు లావు ఎండుపుల్లలు మూత ఉన్న రేకుడబ్బాలో కుక్కి, మూతకు చిన్న చిల్లు పెట్టి, పొయ్యిలో ఉంచండి. చిల్లులోంచి పొగ ఆగిపోయాక తీసి, పూర్తిగా చల్లారాకే మూత తెరవండి. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని. కాగితమంటే పాత క్యాలెండరు వెనకవైపు, పెళ్లిపత్రిక లోపలి తెల్లభాగం, చివరికి న్యూసుపేపరైనా సరే. రంగు కావాలంటే ఎర్రమట్టిని గుడ్డలో జల్లించి తుమ్మజిగురు నీళ్లలో కలపండి. పసుపులో మీరే చిటికెడు సున్నం వేసి అది ఎర్రగా మారడం చూపించండి. సున్నం మాత్రం పిల్లల చేతికివ్వకండి. మట్టిరంగులంటే చిన్నచూపు వద్దు. 1938లో హరిపుర కాంగ్రెసు మహాసభల కోసం గాంధీజీ అడిగితే నందలాల్ బోస్ వేసిన బొమ్మలకు వాడినవి మట్టిరంగులే.

వస్తువుల సంగతి అంతే. అసలు కష్టం మన నోటితోనే. "ఇదేం ఆవురా, ఆకుపచ్చగా ఉంది?" అన్న ఒక్క మాటతో ఐదేళ్లవాడు బలపం కింద పెట్టేస్తాడు. ఆ వయసు పిల్లలు కొలతలు చూసి గీయరు, తమకు ఏది ముఖ్యమో దాన్ని పెద్దగా గీస్తారు. నాయనమ్మ ఇంటికంటే పొడుగ్గా ఉందంటే ఆ ఇంట్లో నాయనమ్మ అంత పెద్దది మరి. చెయ్యి పట్టుకుని దిద్దించకండి, మీరు గీసిచ్చి చూసి గీయమనకండి. పక్కన కూర్చుని "ఇక్కడ ఏం జరుగుతోందమ్మా, చెప్పు" అనండి చాలు. ఫోనులో బొమ్మ పెట్టి దించమనడం కంటే చెప్పు, చేట, రోలు, మేక, ఏదో ఒకటి ఎదురుగా పెట్టండి. పొద్దున్నే మీరు వేసే ముగ్గులో చుక్కల లెక్క, గీత తెగకుండా తిప్పడం ఆడపిల్లతోపాటు మగపిల్లాడికీ నేర్పండి.

వీలున్న ఆదివారం బయటికి తీసుకెళ్లండి. మార్కాపురం చెన్నకేశవస్వామి గుళ్లో దర్శనమయ్యాక ఒక్క స్తంభం ముందు కూర్చోబెట్టండి. స్తంభమంతా గీయక్కర్లేదు, ఒక్క శిల్పం చాలు. కంభం చెరువుకట్ట ఎక్కితే ఇంకా మేలు. రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మను ఆపిన చోటు అది. పిల్లలు రోజూ గీసే రెండు కొండలు, మధ్యలో నీళ్లు అక్కడ నిజంగానే ఉన్నాయి. కొండలు ఎలా ఉన్నాయో చూసి మళ్లీ గీయమనండి.

బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు మార్కులతోపాటు ఇదీ అడగండి: వారంలో ఒక పీరియడు బొమ్మలకు ఇవ్వగలరా, పిల్లల బొమ్మలు అంటించడానికి వరండాలో ఒక గోడ వదలగలరా అని. బొమ్మలు బాగా వేసే పెద్ద పిల్లలు ఇంట్లో ఉంటే, ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షల గురించి, వాటికి కావలసిన అర్హతల గురించి హెడ్మాస్టారుని అడిగి తెలుసుకోండి. పదో తరగతి గొడవలో పడి ఆ దరఖాస్తు గడువు దాటనివ్వకండి.