మీ అన్నయ్య గార్డియన్‌షిప్ గురించి

వెస్ట్ మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్

బుజ్జీ,

అన్నయ్యకు లీగల్ గార్డియన్‌గా ఉండాలంటే హైకోర్టు లాయర్ని పెట్టుకోవాలా, ఫీజు ఎంతవుతుంది అని అడిగావు. కోర్టు ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చూసింది ఒకటే. జనం ముందు వకాల్తా మీద సంతకం పెట్టేస్తారు, ఏ చట్టం కిందికి వస్తుందని ఆ తర్వాత అడుగుతారు. నువ్వలా చేయకు.

అన్నయ్యది మేధో వైకల్యం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం చేశారు. దాని కింద గార్డియన్‌ని నియమించేది కోర్టు కాదు, జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీ. కలెక్టర్ స్థాయి అధికారి, నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో ఉంటారు. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు కన్నతల్లి కూడా చట్టం దృష్టిలో తనంతట తాను గార్డియన్ కాదు. బ్యాంకులో మీ అమ్మ సంతకం చాలదన్నది అందుకే. ఈ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ని నమ్మవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. సర్టిఫికెట్‌తో పాటు ఆ సర్క్యులర్ కాపీ కూడా దగ్గర పెట్టుకో.

మీరుండేది మల్కాజిగిరి. అడ్రసులో సికింద్రాబాద్ అనే రాస్తాం గానీ 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అది మేడ్చల్-మల్కాజిగిరిలోకి వెళ్లింది, మా మారేడ్‌పల్లి హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. కాబట్టి దరఖాస్తు మీ జిల్లా కలెక్టరేట్‌కే వెళ్లాలి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, ఆధార్, వయసు రుజువు, మీ నాన్న డెత్ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టు. మనం ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే పిలుచుకునే మనోవికాస్ నగర్ సంస్థలో చేసిన పరీక్షల కాగితాలుంటే అవీ పెట్టు. 1984 నుంచి అక్కడ ఇలాంటి కుటుంబాలనే చూస్తున్నారు, ఏ అనుమానం వచ్చినా వెళ్లి అడుగు.

ఇక అసలు సంగతి. దరఖాస్తు మీ అమ్మ పెట్టాలి, అదీ ఇప్పుడే. తల్లిగానీ తండ్రిగానీ తమకు నచ్చిన మనిషిని గార్డియన్‌గా నియమించమని అడిగే వీలు ఆ చట్టంలో ఉంది. ఆమె నోటితో నీ పేరు చెప్పి, తన చేత్తో సంతకం పెడితే రేపు ఏ బంధువూ వచ్చి వేలెత్తి చూపడానికి ఉండదు. "నేను పోయాక వాడేమవుతాడో" అని మా మరదలు ఏళ్లుగా కుమిలిపోతోంది. ఆ దిగులు తీర్చే కాగితాన్ని ఆమె కళ్లారా చూడాలని నా కోరిక. రైల్ నిలయంలో పనిచేసిన మీ నాన్న పెన్షన్ సంగతి కూడా అప్పుడే చూసుకోండి. ఆమె తర్వాత ఫ్యామిలీ పెన్షన్ అన్నయ్యకు అందాలంటే అతని తరఫున తీసుకునే మనిషి పేరు రికార్డుల్లో ముందే ఉంటే మంచిది.

అన్నయ్య చేత వేలిముద్ర వేయించి ఇంటి వాటా రాయించుకుందామని ఎవరో సలహా ఇచ్చారన్నావు. ఒప్పుకోకు. తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తెలుసుకోలేని మనిషితో చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. చెల్లినా అది వాడికి అన్యాయమే. కమిటీ సర్టిఫికెట్ చేతికొచ్చింది కదా అని ఇల్లు అమ్మే ఆలోచనా చేయకు. ఎప్పుడైనా అమ్మక తప్పకపోతే, లాయరు కావాల్సింది అప్పుడే. కోర్టు అనుమతి సంగతి తేల్చుకోకుండా అడ్వాన్సు ముట్టుకోవద్దు. ఆ లాయరుకు ఫీజు ఇచ్చుకోలేమని బెంగపడకు. ఆడవాళ్లకూ వైకల్యం ఉన్నవాళ్లకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టు, లేదా 15100కు ఫోన్ చెయ్యి.

(మీ పక్కింటాయన కోమాలో ఉన్నారన్నావుగా, వాళ్లకు ఈ కమిటీ దారి పనికిరాదు. అలాంటివాళ్లే హైకోర్టులో రిట్ వేసుకోవాలి. 2019లో కేరళ హైకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు చూడమని వాళ్ల లాయరుకు చెప్పు.)

కమిటీ ముందు రెండు ప్రశ్నలుంటాయి: ఇతనికి గార్డియన్ అవసరమా, ఏయే పనులకు? రెండోదానికి జవాబు ఆలోచించి రాయి. బ్యాంకు, పెన్షన్, వైద్యం, ఆస్తి కాపాడటం, అంతే. "అన్నిటికీ" అని రాయకు. ఏ చొక్కా తొడుక్కోవాలో, ఆదివారం ఎవరింటికి వెళ్లాలో, ఎవరి దగ్గర పడుకోవాలో అన్నయ్య ఈరోజు తనే చెప్పగలడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వాళ్లతో సంప్రదించి, కలిసి నిర్ణయించమనే అంటుంది. మీరు దరఖాస్తు పెట్టే రోజు వాణ్ణి వెంట తీసుకెళ్లు. ఎందుకు వెళ్తున్నారో వాడికి అర్థమయ్యేలా నువ్వే చెప్పు. "చెల్లి నా డబ్బులు చూస్తుంది" అన్నంత అర్థమైనా మంచిదే.

నియామకం అయిన ఆరు నెలల్లోపు అతని స్థిరాస్తి, బాకీలతో సహా లెక్కంతా కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో జమాఖర్చులు అప్పజెప్పాలి. మందుల బిల్లు నుంచి చెప్పుల బిల్లు దాకా వాడి పేరిట వేరే పుస్తకంలో రాస్తూ ఉండు. ఇంటి ఖర్చుల్లో కలపకు. నిర్లక్ష్యం చేసినా సొమ్ము వాడుకున్నా గార్డియన్‌ని తీసేసే అధికారం కమిటీకి ఉంది. నువ్వలాంటి పని చేస్తావని కాదు, నీ తర్వాత ఆ బాధ్యత తీసుకునేవాళ్లకూ ఆ పుస్తకమే ఆధారం.

దరఖాస్తు నింపాక సంతకాలకు ముందు ఒకసారి నాకు చూపించు. మీ అమ్మనూ అన్నయ్యనూ తీసుకుని భోజనం వేళకు రండి.

మీ మేనత్త