చిట్టా, ఆవర్జా, ఎస్‌క్యూలైట్

సీ ల్యాబ్ మినీ ప్రాజెక్టుల్లో డేటా దాచాలంటే మనలో ఎక్కువమంది చేసే పని ఒకటే: ఒక స్ట్రక్చర్, ఒక ఎఫ్‌రైట్. వైవా గట్టెక్కడానికి అది చాలు. కానీ అదే ప్రోగ్రాం మీద ఒక రైతు డబ్బు ఆధారపడితే?

నాగాయలంక దగ్గర ఒక రొయ్యల చెరువు లెక్కలు మన ప్రోగ్రాంలో ఉన్నాయనుకుందాం. రైతు 400 కిలోలు తూచి మచిలీపట్నం వ్యాపారికి ఇచ్చాడు. ప్రోగ్రాం రెండు పనులు చెయ్యాలి. సరుకులోంచి 400 తీసెయ్యాలి, వ్యాపారి పేరున బాకీ రాయాలి. మొదటిది రాశాక, రెండోది రాయకముందే కరెంటు పోయింది. ఇప్పుడు లెక్కలో సరుకూ లేదు, బాకీ కూడా లేదు! దివిసీమలో గాలివానల రోజుల్లో ఇలా జరగడం వింతేం కాదు.

"అయితే పెద్ద డేటాబేస్ సర్వర్ పెడదాం" అంటారు కొందరు. కానీ ఆ సర్వర్ ఆగితే మన ప్రోగ్రామూ ఆగుతుంది. అమెరికా నౌకాదళ యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్న డి. రిచర్డ్ హిప్‌కి ఎదురైంది ఈ ఇబ్బందే. సర్వర్ అనేదే లేకుండా, ప్రోగ్రామే నేరుగా ఫైల్లోంచి చదువుకుంటే పోలా అనుకున్నాడు. ఆ ఆలోచనే ఎస్‌క్యూలైట్. 2000 ఆగస్టులో మొదటి విడుదల వచ్చింది.

ఇది సీ భాషలో రాసిన లైబ్రరీ. ఒక సీ ఫైలు, ఒక హెడర్ ఫైలు మన ప్రోగ్రాంతో కలిపి కంపైల్ చేస్తే సరి. డేటాబేస్ అంతా ఒకే ఫైలు. విండోస్‌లో తయారుచేసి లైనక్స్‌లోకి కాపీ చేసుకున్నా మార్పు లేకుండా తెరుచుకుంటుంది. రుసుము లేదు, లైసెన్సు గొడవ లేదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఇది ఇప్పటికే ఉంది.

మరి కరెంటు పోతే? మన పాత కొట్లలో గుమాస్తా ఏం చేసేవాడో గుర్తు చేసుకోండి. ఏ రోజు లావాదేవీ ఆ రోజు ముందు చిట్టాలో రాసేవాడు, తర్వాత తీరిగ్గా ఆవర్జాకి ఎక్కించేవాడు. ఎస్‌క్యూలైట్‌లో 2010లో వచ్చిన 'వాల్' పద్ధతి అచ్చం ఇంతే. మార్పులు ముందు పక్క ఫైల్లోకి వెళ్తాయి, చివర్లో 'కమిట్' గుర్తు పడుతుంది, ఆ తర్వాతే అసలు ఫైలుకి చేరతాయి. కమిట్ గుర్తు లేని రాతల్ని మళ్ళీ తెరిచినప్పుడు అసలు లెక్కలోకే తీసుకోదు. అంటే రెండు పనులూ జరుగుతాయి, లేదా ఒక్కటీ జరగదు. మనం ఏమీ చెప్పకపోతే వాడే పద్ధతి దీనికి తిరగేత: మార్చబోయే పేజీల పాత ప్రతిని ముందు పక్కన దాచి, మధ్యలో ఆగిపోతే దాన్నే వెనక్కి పెడుతుంది.

వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

1. కలిసి జరగాల్సిన పనుల్ని 'బిగిన్', 'కమిట్' మధ్య పెట్టండి. లేకపోతే ప్రతి ఇన్సర్టూ విడి లావాదేవీయే. భద్రతా పోతుంది, వేగమూ తగ్గుతుంది.

2. ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో క్వెరీని అతికించకండి. ప్రిపేర్, బైండ్, స్టెప్, ఫైనలైజ్: ఈ వరసే వాడండి.

3. ప్రతి ఫంక్షన్ తిరిగిచ్చే కోడ్ చూడండి. డిస్కు నిండిపోయిన సంగతి అక్కడే తెలుస్తుంది.

హద్దులూ ఉన్నాయి. చదివేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు కానీ, ఒకసారి రాసేది ఒక్కరే. గుడివాడ, అవనిగడ్డ, మచిలీపట్నం కొట్లన్నీ ఒకేసారి ఒకే లెక్కలో రాయాలంటే సర్వరే మేలు. ఒక చెరువుకో, ఒక కొట్టుకో మాత్రం ఇది నిక్షేపంలా సరిపోతుంది.

ఈ వారం ఒక పరీక్ష చేసి చూడండి. రెండు అప్‌డేట్ల మధ్య పది సెకన్లు ఆగేలా ప్రోగ్రాం రాసి, ఆ విరామంలో దాన్ని బలవంతంగా చంపెయ్యండి. ముందు ఎఫ్‌రైట్‌తో, తర్వాత బిగిన్, కమిట్‌లతో. రెండుసార్లూ బాకీ ఎంత చూపిస్తుందో చూస్తే, మీ తర్వాతి ప్రాజెక్టులో ఏది వాడాలో మీకే తెలుస్తుంది.