గీతలలో దాగిన అంకెలు

హైదరాబాదు పాతనగరమున, చార్మినారునకు పడమటి దిక్కున లాడ్ బజారు కలదు. అచటి లక్కగాజులు మిక్కిలి ప్రసిద్ధములు. మెత్తబడిన లక్కను వలయముగా చుట్టి, అది చల్లారి గట్టిపడకముందే అద్దపు తునకలను, రంగురాళ్లను దానియందు పొదుగుదురు. ఈ గాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

గాజుల కొలతలను "రెండు-నాలుగు", "రెండు-ఆరు" అని చెప్పుట వాడుక. రెండు-ఆరు అనగా గాజు లోపలి వ్యాసము రెండంగుళములును, అంగుళమును పదునారు భాగములు చేసిన అందు ఆరు భాగములును అని అర్థము.

అచటి వర్తకుడొకడు తన గాజుపెట్టెలపై బార్ కోడు, అనగా గీతల సంకేతము, అచ్చువేయింపదలచెననుకొందము. అతడు రెండు-పది కొలతను "2.10" అని గణనయంత్రమునకు తెలిపెను. యంత్రము దానిని దశాంశ సంఖ్యగా గ్రహించి, చివరి సున్నను విడిచి, "2.1" అని మార్చెను. రెండు-ఎనిమిది కంటె పెద్దదియగు గాజు, రెండు-నాలుగు కంటెను చిన్నదిగా లెక్కకెక్కెను! గీతలు చక్కగనే అచ్చుపడినవి. వానికి అందిన సమాచారమే చెడినది.

కావున బార్ కోడునకు అచ్చు ఎంత ముఖ్యమో, సమాచారపు రూపము అంతకంటె ముఖ్యము. అమెరికా దేశస్థులగు వుడ్‌లాండ్, సిల్వర్ అనువారు ఈ విధమగు సంకేతమునకు 1952లో పేటెంటు పొందిరి. 1974 జూన్ 26వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ నగరమున ఒక చూయింగ్ గమ్ పొట్లముపై గీతలను అంగడియంత్రము తొలిసారిగా చదివినది. పిదప అనేక విధములగు కోడులు పుట్టినవి. ఒక్కొక్కదాని నియమము ఒక్కొక్క తీరు.

అంగడి సరకులపై తరచుగా కనబడు ఈఏఎన్-13 అను కోడు అంకెలను మాత్రమే అంగీకరించును. అవియు సరిగా 13 ఉండవలెను. మొదటి మూడంకెలు 890 అయినచో ఆ సంఖ్యను భారతదేశపు సంస్థ కేటాయించినదని తెలియవలెను. సరకు ఇచటనే తయారైనదని మాత్రము తలపరాదు. పెద్ద పెట్టెలపై వాడు ఐటీఎఫ్ కోడునందు అంకెలు జంటలుగా కూర్చబడును. కావున వాని లెక్క సరిసంఖ్య కావలెను. బేసియైనచో ముందొక సున్న చేర్తురు. కోడు 39 అనునది ఆంగ్లమున పెద్ద అక్షరములను, అంకెలను, చుక్క, అడ్డగీత మున్నగు కొన్ని గుర్తులను గ్రహించును. తెలుగు, ఉర్దూ లిపులకు దానియందు చోటు లేదు. 1994లో జపానున వెలువడిన క్యూఆర్ కోడునందు ఈ లిపులును ఇముడును.

ఈఏఎన్-13లో చివరి అంకె కావలివాని వంటిది. 890123456789 అను పండ్రెండంకెలను చూడుడు. బేసి స్థానములందలి అంకెల మొత్తము 28. సరి స్థానములందలి మొత్తము 34. దానిని మూడింతలు చేసిన 102. రెండును కలిపిన 130. ఇది పదిచే నిశ్శేషముగా భాగింపబడుచున్నది. కావున పదుమూడవ అంకె 0. ఎవరైన పొరపాటున 1, 2 అంకెలను తారుమారు చేసినచో మొత్తము 132 అగును. యంత్రము వెంటనే నిరాకరించును. అయినను ఈ కావలి సంపూర్ణము కాదు. 1, 6 వలె అయిదు భేదము గల పక్కపక్క అంకెలు తారుమారైనచో ఇది కనుగొనజాలదు.

గాజు కొలత తప్పినచో దానిని మార్చుకొనవచ్చును. మందు విషయమున అట్లు కాదు. 2023 ఆగస్టు 1వ తేదీనుండి తయారగు, పట్టికలో చేర్చిన 300 బ్రాండ్ల మందులపై బార్ కోడుగాని, క్యూఆర్ కోడుగాని ఉండవలెనని భారత ప్రభుత్వము నియమించినది. మందు పేరు, తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ మున్నగునవి అందుండవలెను. గడువును "05-08" అని వ్రాసినచో అది ఆగస్టు 5వ తేదీయా, మే 8వ తేదీయా? ఈ సందేహమునకు తావీయకుండుటకే, అంతర్జాతీయ పద్ధతిలో సంవత్సరము, నెల, దినము వరుసగా రెండేసి అంకెలతో వ్రాయుదురు. 2027 ఆగస్టు 5వ తేదీ "270805" అగును.

ఇక మన వర్తకుని చేయదగిన పని సులభమే. కొలతను సంఖ్యగా గాక పేరుగా భావించి, "2-10" అని అడ్డగీతతో అక్షరముల రూపమున నమోదు చేయవలెను. కోడు 39 దానిని మార్పులేక గ్రహించును. తొలి పెట్టెపై అచ్చువేసిన గీతలను యంత్రముచే చదివించి, పెట్టెలోని గాజుతో సరిచూచిన పిదపనే తక్కినవి అచ్చువేయింపవలెను. యంత్రము చెప్పినదానిని మరల చెప్పును. చెప్పదలచినది దానికి తెలియదు. ఆ భారము మనుష్యునిదే.