రిపోర్టు నార్మల్... దడ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. మా వారు స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. బరువు తగ్గి, చేతులు వణుకుతుంటే పరీక్షలు చేయించాం. థైరాయిడ్ ఎక్కువైందని, గ్రేవ్స్ జబ్బని చెప్పారు. రెండున్నర నెలలుగా కార్బిమజోల్ వాడుతున్నాను. టీ3, టీ4 నార్మల్‌కు వచ్చాయి. టీఎస్‌హెచ్ మాత్రం 0.01 దగ్గరే ఉంది. గుండెదడ, చెమటలు పూర్తిగా పోలేదు. మెట్లెక్కితే తొడల్లో సత్తువ ఉండటం లేదు. జుట్టు రాలుతోంది. ఊరికే విసుక్కుంటున్నానని ఇంట్లో అంటున్నారు. మందు మానేయమంటారా?
- ఓ పాఠకురాలు, కూర్మన్నపాలెం

జవాబు: మానకండమ్మా. మందు పనిచేస్తోంది.

కార్బిమజోల్ కొత్త హార్మోను తయారవకుండా ఆపుతుంది. గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నది ఖర్చవడానికి వారాలు పడుతుంది. ఆ తర్వాతే గుండె, కండరాలు నెమ్మదిగా కోలుకుంటాయి. చాలాకాలం అణిగిపోయిన టీఎస్‌హెచ్ పైకి రావడానికి నెలలు పట్టవచ్చు. అందుకే మొదట్లో మోతాదును టీ3, టీ4 చూసి నిర్ణయిస్తాం. 4 నుంచి 6 వారాలకోసారి పరీక్ష చేయించుకోండి. మోతాదు ఎక్కువైతే థైరాయిడ్ మరీ తగ్గి, మళ్లీ నీరసమే వస్తుంది.

దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనలాల్ లాంటి మాత్ర ఉపయోగపడుతుందేమో మీ డాక్టర్‌ను అడగండి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. కాఫీ, టీ తగ్గించండి. కొన్ని జలుబు మాత్రలు దడను పెంచుతాయి, సొంతంగా కొనుక్కోవద్దు. మన తీరం ఉక్కపోతకు మామూలు మనిషే తడిసిపోతాడు, మీకు ఇంకా ఎక్కువ. వంటపని పొద్దున్నే ముగించుకోండి.

ఈ జబ్బులో తొడల కండ కరుగుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చేప రోజువారీ తిండిలో ఉండాలి. చేపలు, అయోడిన్ ఉప్పు మామూలుగా తినవచ్చు. అయోడిన్ కలిసిన టానిక్కులు మాత్రం వద్దు. ముందు చదునైన దారిలో కాసేపు నడవండి, మెట్ల సంగతి తర్వాత. జుట్టు నెలల్లో తిరిగి వస్తుంది. దానికోసం బయోటిన్ వాడుతుంటే చెప్పండి, అది థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలదు.

ఇక విసుగు. అది మీ గుణం కాదు, జబ్బు లక్షణం. ఈ జవాబు మీ వారితోనూ చదివించండి. ఆయన నైట్ షిఫ్టు నుంచి వచ్చే వేళకు మీ నిద్ర చెడకుండా వేరే గదిలో పడుకోండి.

వీటికి మాత్రం ఆగకూడదు. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే కార్బిమజోల్ ఆపి, అదే రోజు రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా ఈ మందుతో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. కళ్లు పచ్చబడినా, గుండె లయ తప్పినా, ఆయాసం వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మీకు ఉక్కునగరంలోని విశాఖ స్టీల్ జనరల్ ఆసుపత్రి దగ్గరే. ప్లాంటు ఆసుపత్రి సదుపాయం లేనివారికి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. గర్భం అనుకుంటే ముందే చెప్పండి, మందు మార్చాల్సి రావచ్చు.

ఈ చికిత్స సాధారణంగా 12 నుంచి 18 నెలలు సాగుతుంది. మీరింకా మూడో నెలలోనే ఉన్నారు. రోజూ నాడి లెక్కపెట్టి, వారానికోసారి బరువు చూసుకుని పుస్తకంలో రాసుకోండి. ఒంట్లో వస్తున్న మార్పు ఆ అంకెల్లో మీకే కనబడుతుంది.